చలికి పలికే డిస్కు

సోమవారం పదకొండు గంటలప్పుడు కప్ప బొమ్మ వెనక కాలు కుడుతూ ఎంబ్రాయిడరీ మిషను ఆగిపోయింది. ఆరు సూదులూ ఒక్కసారే పైకి లేచి అలాగే నిలబడ్డాయి. దారం తెగిందేమోనని నెమేసియా చిపానా ముందు దారాలే చూసింది. ఆరూ బాగానే ఉన్నాయి. అప్పుడు కంప్యూటరు వైపు తిరిగితే తెర మీద బంగారు కప్ప లేదు, దాని వీపు మీదికి బారు కట్టిన చీమలు లేవు. నల్లటి తెర మీద ఒక్క వరుస తెల్లటి అక్షరాలున్నాయి. డిస్కు కనబడడం లేదట.

ఆపి మళ్ళీ పెట్టింది. అదే వరుస. డబ్బా పక్క రేకుకున్న రెండు మరలూ విప్పి పక్కన పెట్టుకుంది. గురువారమే బిగించిన కొత్త డిస్కు తళతళలాడుతోంది. ఎర్ర కేబులు ఊడదీసి, చివర ఊది, మళ్ళీ గుచ్చింది. కనబడలేదు. కేబులుని పక్క గుంటకి మార్చింది. కనబడలేదు. సీడీ పెట్టెకి వెళ్ళే కరెంటు వైరు తీసి డిస్కుకి తగిలించి, చెవి ఆనించి వింది. లోపల పళ్ళెం తిరగబోయింది, టిక్కుమంది, ఆగిపోయింది. మళ్ళీ తిరగబోయింది, మళ్ళీ టిక్కు.

ఆవిరి ఇస్త్రీ వదిలేసి దోన్యా ఫెలీసా వచ్చి వెనక నిలబడింది. దుకాణం ఆమెది. ఏమైందని అడగలేదు. తెర వైపు చూసింది, విప్పిన డబ్బా వైపు చూసింది, డబ్బా మూలన అంటుకున్న రంగు కాగితపు పొడి దగ్గర చూపు ఆపింది.

“ఎంత పోశావు దాని మీద?” అంది.

మొన్న నెల మొదటి శుక్రవారం గనక అందరిలాగే వాళ్ళూ మిషన్లన్నిటికీ చాల్యా చేశారు. నేలతల్లికి మొదటి గుక్క, తర్వాత ఒక్కో మిషనుకీ నాలుగు మూలలా సారా చుక్కలు, పైన రంగు కాగితపు పొడి. కొత్తది వచ్చింది, దానికీ వాటా ఇవ్వు అన్నది ఫెలీసానే.

“మూడు చుక్కలు, దోన్యా. అదీ పై రేకు మీద. మీరు పక్కనే ఉన్నారు, చూశారు కదా.”

“నేను చూసింది సీసా నీ చేతిలో ఉండడం.”

నెమేసియా చేతిలో ఉన్న స్క్రూడ్రైవరుని బల్ల మీద పెట్టబోయి, పెట్టకుండా, అలాగే పట్టుకుని నిలబడింది.

మధ్యాహ్నం ఇంజనీరు వాల్తెర్ వచ్చాడు. చదివింది ఇంజనీరింగో కాదో ఎవరూ అడగలేదు, ఆ వీధిలో ఇరవై ఎంబ్రాయిడరీ దుకాణాల కంప్యూటర్లకీ అతనొక్కడే. డిస్కు ఊడదీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల ఊపాడు. కొత్త డిస్కు నాలుగు రోజుల్లో తనంతట తాను చావదన్నాడు. దానికి తాగబోశారు, పడుకుంది, అని నవ్వాడు. ఫెలీసా నవ్వలేదు. పోనీ ఆ పాత డిస్కు తెచ్చివ్వు, బొమ్మలన్నీ దాన్లో ఉన్నాయి కదా అని అడిగింది. పాతది ఎప్పుడూ ఇంజనీరు పట్టుకుపోతాడు, ఆ వీధిలో అదే అలవాటు. శనివారమే చెరిపేసి ఇంకోచోట వాడేశానని చెప్పాడు. ఇంకోటి తెస్తాను, బుధవారం దాకా ఆగండి, బొమ్మలు మాత్రం నా చేతిలో లేవు అని కోటు జిప్పు బిగించుకుని వెళ్ళిపోయాడు.

గురువారం సాయంత్రం ఊరేగింపు బృందం పెద్దలు మొదటి దుస్తు చూడడానికి వస్తున్నారు. ఆ రోజు దాకా దాని మీది బొమ్మ ఏమిటో దుకాణం గోడలకి తప్ప ఎవరికీ తెలియకూడదు. నచ్చితే మొరెనాద నాట్యమాడే నలభై ఎనిమిది మందికీ అవే కుట్టాలి. నచ్చకపోయినా, అసలు చూపించలేకపోయినా, ఎదురుగా దోన్ సిప్రియానో దుకాణం ఉండనే ఉంది. కుట్టడం అయింది ఛాతీ ముక్క ఒక్కటే. భుజాలు, అంగీ, మూడు అంతస్తుల పీపా లంగా, అన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి.

సాయంత్రం తలుపు రేకు దించుతూ ఫెలీసా చాలా మామూలుగా చెప్పింది.

“గురువారానికి కప్ప రాకపోతే, ఆ కుర్చీలోకి ఇంకొకళ్ళని చూసుకుంటానమ్మాయ్. నువ్వేమీ అనుకోకు.”

*

మంగళవారం పొద్దున డిస్కు లేచింది.

ఎవరూ ఏమీ చెయ్యలేదు. నెమేసియా ఆశ లేకుండానే మీట నొక్కింది, తెర నిండా నీలం రంగు పరుచుకుంది. ఫెలీసా శిలువ గీసుకుంది. సారా ఆరిపోయినట్టుంది అంది. కానీ బొమ్మల ఫోల్డరు తెరిస్తే సగం పేర్లు పిచ్చి గీతలుగా మారిపోయి ఉన్నాయి. కప్పని తెరవబోతే ఈ ఫైలు చదవలేమని తెర జవాబిచ్చింది. ఒక్కొక్కటే ప్రయత్నిస్తూ ఉండగా, పదకొండు కాకముందే, మళ్ళీ టిక్కు. మళ్ళీ నలుపు.

ఆమె అరచెయ్యి డిస్కు మీద వేసింది. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా ఉంది. తలెత్తి రేకు కప్పు వైపు చూసింది. పొద్దున్నే లోపలికొస్తే వేళ్ళు కొంకర్లు పోతాయి. తొమ్మిదింటికి ఇస్త్రీ ఆవిరి మొదలవుతుంది. పదిన్నరకి ఎండ కప్పు మీదికి ఎక్కి రేకు పటపటమంటుంది. అప్పుడు శాలువాలు తీసేస్తారు. నిన్న పదకొండు. ఈ రోజు పదకొండుకి ముందే. శుక్రవారం, శనివారం మబ్బు పట్టి ఉంది, రోజంతా పనిచేసింది.

దీనికి సారా కాదు, వేడి పడడం లేదు అని ఫెలీసాతో అనలేదు. అంటే ఇంకో మాట పడాలి. భోజనాల వేళ ఉడికించిన చున్యో దుంపల మూట విప్పకుండానే సంతకి నడిచింది. అక్కడ కంప్యూటరు ప్రోగ్రాములు కాపీ చేసి అమ్మే ఆడమనిషి ఒకామె ఉంది, గుండ్రటి టోపీ, భుజాన చంటిపిల్లతో. చెడిన ఫైళ్ళు లేపుకొచ్చే ప్రోగ్రామేదైనా ఉందా అని అడిగితే, ఉంది గానీ అది చెడినవే కాదు, చెరిపేసినవి కూడా లేపుకొస్తుందని చెప్పింది.

“మొగుడి కంప్యూటరులో మాత్రం పెట్టకు తల్లీ. తర్వాత నా దగ్గరకొచ్చి ఏడవకూడదు.”

సోమవారం నుంచి నెమేసియా నవ్వడం అదే మొదటిసారి. ప్రోగ్రాము కొనుక్కుంది.

*

బుధవారం ఆరింటికి పెరట్లో బట్టలుతికే తొట్టి నీళ్ళ మీద మంచు పెచ్చు కట్టి ఉంది. నెమేసియా పొడుగు వైరు లాగి కంప్యూటరుని పెరట్లోకి తెచ్చింది. తెరని స్టూలు మీద పెట్టింది. డిస్కుని డబ్బాలోంచి బయటికి తీసి, కేబుళ్ళు సాగినంత మేర సాగదీసి, నాపరాయి మీద ఆనించింది. రాయి చేత్తో ముట్టుకుంటే కాలినట్టుంది, అంత చలి. తొట్టిలోంచి మంచు పెచ్చు ఒకటి తీసి ప్లాస్టిక్ సంచిలో చుట్టి డిస్కు పక్కన పెట్టింది. కరెంటు తగలకుండా తన శాలువా నేల మీద పరిచి దాని మీద కూర్చుంది. మీట నొక్కింది.

టిక్కు లేదు. పళ్ళెం సన్నగా, ఒకే శ్రుతిలో తిరిగింది.

ప్రోగ్రాము ముందుగా డిస్కు వివరాలు చూపించింది. ఎంత పెద్దది, ఎంత వేడిగా ఉంది, ఎన్ని గంటలు తిరిగింది. ఆ చివరి అంకె దగ్గర ఆమె ఆగింది. పద్దెనిమిది వేల నాలుగు వందల గంటలు.

తప్పు చదివాననుకుంది. వేలు పెట్టి ఒక్కో అంకె చదివింది. గురువారం సీలు చింపి బిగించిన డిస్కు. రోజుకి పది గంటలు, ఏడాదికి మూడు వందల రోజులు అనుకుంటే ఆరేళ్ళు. కవరు సీలు తన కళ్ళ ముందే వాల్తెర్ గోటితో చింపాడు. ఎండు చలిలో ఆమె చెవులు రెండూ వేడెక్కాయి. దీనికి తను తాగబోసిందట.

ఫైళ్ళు రావడం మొదలైంది. ఒకటొకటిగా కప్ప ఎడమ భుజం, కుడి భుజం, చీమల బారు, లంగా మొదటి అంతస్తు. తొమ్మిది ముక్కలూ వచ్చాయి. వచ్చిన దాన్ని వచ్చినట్టే పెన్‌డ్రైవులోకి తోసి, తెరిచి చూసి, సరిగ్గా ఉందనుకున్నాకే రెండోదానికి వెళ్ళింది. తొమ్మిదోది తెరుచుకున్నాక చేతులు చంకల్లో పెట్టుకుని గట్టిగా ఊపిరి వదిలింది. పని అయిపోయింది. ఆపేయవచ్చు.

జాబితా ఇంకా దిగుతూనే ఉంది. తమవి కాని పేర్లు. సిప్రియానో దుకాణం గుర్తున్న ఫోల్డర్లు, ఒక ఏడాది, ఇంకో ఏడాది, పోయిన నెల దాకా. అంటే ఎదురు దుకాణంలో తీసిన పాతదాన్నే తెచ్చి కొత్తదని ఇక్కడ పెట్టాడు. వాటిని తెరవలేదు. ఆ కింద ఇంకా పాతవి వచ్చాయి. సాన్ రోకే. సాంతా బార్బరా. సాన్ మార్తీన్.

ఆమె లేచి నిలబడింది.

బొమ్మ గీసిన రోజు ఏ పునీతుడిదైతే ఆ పేరు ఫైలుకి పెట్టే మనిషి ఆ వీధి మొత్తంలో ఒక్కడే. ఎవుసేబియో లరూతా. ఆమెకి మౌస్ పట్టుకోవడం నేర్పిన మేస్త్రి. ఆమె ఇప్పుడు కూర్చునే కుర్చీ అతనిది.

సాన్ మార్తీన్ తెరిచింది. రెండు తలల పాము. మూడేళ్ళ కిందటి నవంబరు. తమ దుకాణం మొదటిసారి చూపించక ముందే సిప్రియానో కుట్టేసిన పాము, ఎవరు అమ్మారని వీధంతా అట్టుడికిపోయిన పాము. సిప్రియానో ఫోల్డర్లలో ఆ తర్వాతి ఏడాదిది ఒక్కటి తెరిచి చూసింది. అదే పాము, వేరే పేరుతో. తేదీ జనవరి. ఈ రెండు తేదీల మధ్య డిసెంబరు. డిసెంబరులో వాల్తెర్ తమ పాత డిస్కు తీసి వేరేది బిగించాడు. డబ్బా లోపల వెలుతురు చాలకపోతే టార్చిలైటు పట్టుకుంది తనే.

పాముని ఎవరూ అమ్మలేదు. డిస్కే దాన్ని మోసుకుని వీధి దాటింది. ఇప్పుడు తిరిగొచ్చి నాపరాయి మీద కూర్చుంది.

ఎవుసేబియో పెన్‌డ్రైవు జేబులో పెట్టుకోవడం చూశానని అప్పట్లో ఎంబ్రాయిడరీ దుకాణాల సంఘం ముందు చెప్పింది నెమేసియా. ఒక్కదాని మాట మీదే అతని పేరు సంఘం పుస్తకంలో కొట్టేశారు. ఆ తర్వాత వీధిలో ఏ దుకాణమూ అతనికి సూది కూడా ఇవ్వలేదు. ఆమె చూసింది అతని చెయ్యి జేబులోకి పోవడం. మిగతాది ఫెలీసా అడిగిన తీరులోనే ఉంది. పెన్‌డ్రైవేనా? అంతే అయ్యుంటుంది, దోన్యా. రెండోసారి అడిగేసరికి అవును, పెన్‌డ్రైవే. మూడోసారికి దాని రంగు కూడా చెప్పింది.

రెండు పాముల్నీ తేదీలతో సహా పెన్‌డ్రైవులోకి తోసి, నీళ్ళ తొట్టి అంచు పట్టుకుని కూర్చుంది. వేళ్ళకి చలి తెలియడం లేదు.

“వచ్చిందా?” అని ఫెలీసా పెరటి గుమ్మంలోంచి అడిగింది. చేతిలో పొగలు కక్కే ఊదా రంగు ఆపీ జావ గ్లాసుంది. కప్ప చూసి ఆమె మొహం విచ్చుకుంది. నా బంగారమే అంటూ గ్లాసు నెమేసియా చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన చేతుల్తో మూసింది. సారా మాట ఎత్తలేదు.

నెమేసియా అంకె చూపించింది. పాము చూపించింది, తేదీలు చూపించింది. ఫెలీసా వంగి చదివింది. చదివి తల తిప్పింది గానీ, తిప్పింది నెమేసియా వైపు కాదు, జాబితా పైన సిప్రియానో పోయిన నెల ఫోల్డరు వైపు. నెమేసియా వంగి తీగ పీకేసింది. పళ్ళెం చివరిసారి తిరిగి, నెమ్మదించి, ఆగింది.

పదింటికి వాల్తెర్ ఇంకో డిస్కు పట్టుకొచ్చాడు, సీలుతో సహా. దీని వయసెంత ఇంజనీరూ అని ఫెలీసా అడిగింది. అతను సీలు వైపు చూపించాడు. పద్దెనిమిది వేల గంటలంది. అప్పుడతను నెమేసియా వైపు చూశాడు. కోపం లేదు, లెక్క తేలనివాడి చూపు. కొత్తవి ఎవరికి దొరుకుతున్నాయి, వీధంతా ఇవే తిరుగుతాయి, ఏ దుకాణంలోదీ ఊరికే పారేయను, మీకు పనిచేసింది కదా ఇన్నాళ్ళూ అన్నాడు. రేటులో ఏదైనా చూద్దామన్నాడు.

“మూడేళ్ళ కిందట మా డిస్కు సిప్రియానోకి ఇచ్చినప్పుడు, దాన్లో ఉన్నవి చెరిపావా?” అని అడిగింది నెమేసియా.

“ఎప్పుడూ చెరిపే ఇస్తాను. పండగ ముందు హడావిడి కదా. ఆ ఒక్కసారి మర్చిపోయానేమో.”

మర్చిపోయానేమో. బస్సులో గొడుగు మర్చిపోయినవాడు చెప్పినట్టు చెప్పాడు.  అతను ఎవుసేబియో సంగతి ఎరగనివాడేం కాదు. వీధిలో అందరికీ తెలుసు. ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాల్సిన పని అతనికి ఎన్నడూ పడలేదు.

అతను వెళ్ళాక ఫెలీసా తలుపు దగ్గరగా వేసింది. కప్ప వచ్చింది, కుర్చీ నీదే, ఇంక ఆ పాము మాట ఎందుకు అంది. ఇప్పుడు తవ్వితే సంఘం మనల్నే నవ్వుతుంది, ఆరోపణ చేసింది మన దుకాణం, సాక్ష్యం చెప్పింది నువ్వు. ముసలాయన ఎలాగో బతుకుతున్నాడు. పండగ దాటనీ.

“దాటాక చెబుతారా, దోన్యా?”

“ముందు దాటనీ అంటున్నాను కదే.”

నెమేసియా మిషను దగ్గర కూర్చుంది. ఆరు సూదులూ దిగాయి. కప్ప వెనక కాలు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మొదలైంది.

*

గురువారం మధ్యాహ్నానికి చివరి అంతస్తు ఫ్రేములోంచి దించి, అంచులు కత్తిరించి, పూసలవాళ్ళకి అప్పగించింది. గంటలో వస్తానని చెప్పి శ్మశానం గేటు దారి పట్టింది.

ఎవుసేబియో అక్కడ పూలదండల రిబ్బన్ల మీద అట్ట అక్షరాలు అంటిస్తాడు. బంగారు రంగు అక్షరాల డబ్బాలు ముందు పరుచుకుని, పీట మీద కూర్చుని, ఎవరిదో పేరు పేరుస్తున్నాడు. గడ్డం నెరిసింది. ఆమెని చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

నిలబడే చెప్పింది. డిస్కు, చలి, పునీతుల పేర్లు, తేదీలు. అతను అక్షరం వెనక జిగురు రాస్తూ, రిబ్బను మీద పెట్టి బొటనవేలితో అదుముతూ విన్నాడు. సాన్ మార్తీన్ అన్నప్పుడు మాత్రం వేలు కాసేపు ఆగింది.

“ఆ రోజు ఏం చూశావు నువ్వు?” అన్నాడు చివరికి.

“మీ చెయ్యి జేబులోకి వెళ్ళడం, మేస్త్రీ.”

“ఇంకా?”

“ఇంకేం చూడలేదు.”

అతను తలూపాడు. ఇంకో అక్షరం తీసి, తిరగబడి ఉంటే సరిచేసి, అదిమాడు.

“జేబులో ఏముందని నన్నెవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు, పక్క కుర్చీలోదానివి.”

క్షమించమని అడగడానికి ఆమె దారి పొడుగునా మాటలు కూడబెట్టుకుంది.  కళ్ళు తుడుచుకోబోతే అతను అడ్డం పడ్డట్టు చెయ్యి ఎత్తాడు.

“నేను దొంగని కాదని నాకు చెప్పడానికి ఇంత దూరం నడిచావా? ఆ సంగతి నాకు ముందే తెలుసు కదమ్మా. తెలియనివాళ్ళకి చెప్పు.”

రిబ్బను కోసం ఎవరో వచ్చారు. అతను వాళ్ళ వైపు తిరిగాడు.

ఆమె తిరిగొచ్చేసరికి దుకాణం నిండిపోయి ఉంది. బృందం పెద్ద, అతని భార్య, సంఘం కార్యదర్శి దోన్ ఫావుస్తో. మొదటిసారి చూపించిన బొమ్మ ఎవరిదో పుస్తకంలో రాసుకోవడానికి ఆయన ప్రతి దుకాణానికీ వెళతాడు. మధ్యలో మనిషి బొమ్మకి తొడిగిన దుస్తు మీద కప్ప మెరుస్తోంది, చీమలు భుజాల దాకా పాకుతున్నాయి. బృందం పెద్ద భార్య లంగా అంచు పట్టుకుని వదలడం లేదు. బీరు సీసాలు తెరిచారు, నేల మీద మొదటి చుక్క పోశారు. నలభై ఎనిమిదీ ఇక్కడేనన్నారు. దీన్ని గీసిన చెయ్యి ఎవరిది అని దోన్ ఫావుస్తో పుస్తకం తెరుస్తూ అడిగాడు. ఫెలీసా నెమేసియా నడుము మీద చెయ్యి వేసి ముందుకి తోసింది.

“నాదే. రాసుకోండి. దానితోపాటు ఇంకోటి కూడా రాసుకోండి, దోన్ ఫావుస్తో,” అంది నెమేసియా. “మూడేళ్ళ కిందట ఎవుసేబియో మేస్త్రి మీద నేను చెప్పింది అబద్ధం. నేను పెన్‌డ్రైవు చూడలేదు. పాము డిస్కులో పోయింది. రుజువు నా దగ్గరుంది.”

గ్లాసులు ఎత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉన్నారు. బృందం పెద్ద భార్య లంగా అంచు వదిలేసింది. దోన్ ఫావుస్తో కళ్ళజోడు తీసి, ఆమె మొహం చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆమెని పదేళ్ళుగా ఎరిగినవాడు, అయినా పూర్తి పేరు చెప్పమన్నాడు. చెప్పింది. పెన్‌డ్రైవు ఆయన ముందు పెట్టింది. ఆయన నిదానంగా, పెదాలు కదుపుతూ రాశాడు. 

ఫెలీసా ఆమె చెవి దగ్గరికి వంగింది. మొహం మీద నవ్వు అలాగే ఉంది, వచ్చినవాళ్ళ కోసం.

“రేపటి నుంచి రానక్కర్లేదు,” అంది.

దోన్ ఫావుస్తో పుస్తకాన్ని ఇటు తిప్పి, కలం అందించి, సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించాడు. నెమేసియా కలం పట్టుకుంది కానీ పెట్టలేదు. మొదటి వరుస మీద వేలుంచి చదవడం మొదలుపెట్టింది. బృందం పెద్ద దగ్గాడు. ఆమె చదువుతూనే ఉంది. మూడేళ్ళ కిందట చదవకుండా సంతకం పెట్టింది.